పింఛను సూళ్ళూరుపేటలో, మనిషి అంబత్తూరులో

చెన్నైలో ఉంటూ ఆంధ్రాలో వికలాంగుల పింఛను తీసుకునేవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలియాలంటే ఒకటో తారీఖు పొద్దున్నే మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్లో సూళ్ళూరుపేట లోకల్ ఎక్కండి. చంకలో కర్ర పెట్టుకున్నవాళ్ళు, పెద్ద పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకున్న తల్లులు, చెవి మిషన్ సర్దుకుంటున్న ముసలాయన, భార్య వీల్‌చైర్ మడిచి తలుపు పక్కన ఆనించి అది జారిపోకుండా కాలు అడ్డం పెట్టుకుని కూర్చున్న మొగుడు, అందరూ కనిపిస్తారు. గుమ్మిడిపూండి దాకా తమిళంలో నడిచిన మాటలు ఆరంబాక్కం దాటేసరికి తెలుగులోకి దిగుతాయి. 2025 ఆగస్టు తర్వాత ఆ మాటల్లో మొదటి ప్రశ్న ఒకటే: "మీకు నోటీసు వచ్చిందా?"

నోటీసు సంగతికి వస్తాను. ముందు మా సంగతి చెప్తే ఇదంతా ఎవరి కోసం రాస్తున్నానో అర్థమవుతుంది. మా తమ్ముడికి సెరిబ్రల్ పాల్సీ, అంటే చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేకపోవడం. పింఛను అమ్మ ఉండే ఊళ్ళో, సూళ్ళూరుపేట పక్కన. మనిషి మాత్రం నెలలో సగం రోజులు అంబత్తూరులో మా ఇంట్లోనే, ఎందుకంటే ఫిజియోథెరపీ ఇక్కడ, చూసే డాక్టరు ఇక్కడ, ముప్పై దాటిన మనిషిని ఒక్కతే లేపి కూర్చోబెట్టే ఓపిక అమ్మకి లేదు. ఇలా ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ పెట్టుకుని బతికే ఇళ్ళు మా వీధిలోనే మూడు నాలుగున్నాయి. వాళ్ళందరూ అడిగే ప్రశ్నలకి ప్రతిసారీ ఫోన్లో చెప్పలేక ఒకచోట రాసిపెడుతున్నాను. వాట్సాప్‌లో తిరిగే మెసేజీలు నమ్మి ఆధార్ అడ్రసు మార్చేసుకుని తర్వాత ఏడ్చినవాళ్ళని చూశాను, అందుకే ఈ ఆత్రం.

మొత్తం వ్యవహారంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఇదీ: సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది, డబ్బు మాత్రం రాష్ట్రం దాటదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోనే సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుబాటవుతుందని రాసి ఉంది. కానీ పింఛను ఇచ్చేది రాష్ట్రం, ఎంత ఇవ్వాలో ఎవరికివ్వాలో నిర్ణయించేది కూడా రాష్ట్రమే.

ఆ తేడా ఎంతంటే, 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక ఆంధ్రాలో వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది, జూలై ఒకటిన మొదటిసారి ఆ కొత్త లెక్కన ఇచ్చారు. పక్షవాతంతోనో, ప్రమాదంలో దెబ్బతినో, కండరాలు క్షీణించే జబ్బుతోనో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి 5,000 ఉన్నది ఏకంగా 15,000 చేశారు. తెలంగాణలో 2023 జూలైలో 3,016 నుంచి 4,016కి పెంచారు, ఆ ఏడాది చివర్లో ఎన్నికల్లో కాంగ్రెస్ 6,000 చేస్తామని మాటిచ్చింది. ఇక మనం ఉంటున్న తమిళనాడులో రెవెన్యూ శాఖ పింఛను 2023 జనవరి నుంచి 1,500. అది కాకుండా వికలాంగుల సంక్షేమ శాఖ ఇచ్చే మెయింటెనెన్స్ అలవెన్స్ అని ఇంకొకటుంది, నెలకి 2,000. అది తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్ళకి, మానసిక ఎదుగుదల లోపం ఉన్నవాళ్ళకి, మస్క్యులర్ డిస్ట్రోఫీ, పార్కిన్సన్స్, వెన్నుపూస దెబ్బ, కుష్టు నయమైనవాళ్ళకి. రెండిట్లో ఒకటే ఇస్తారు. బెంగళూరులో ఉన్న మా పిన్ని కూతురు అడిగింది కాబట్టి అదీ చెప్తాను: కర్ణాటకలో వైకల్యం 75 శాతం లోపైతే 800, పైనైతే 1,400, నాడకచేరి అనే రెవెన్యూ ఆఫీసులో అప్లై చెయ్యాలి.

కేంద్రం వాటా ఎంతో తెలుసా? 80 శాతం పైన వైకల్యం ఉండి, దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్ళకి నెలకి 300. అది 2012లో 200 నుంచి 300 అయింది. ఆ సంవత్సరం గ్యాస్ బండ ధర ఎంతో, ఇప్పుడెంతో మీరే చూసుకోండి.

ఇంకో ముక్క. అదే 2016 చట్టం 24వ సెక్షన్లో, ఇతరులకిచ్చే అలాంటి పథకాలకన్నా వికలాంగులకి కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని ఉంది. తమిళనాడులో 2023లో వృద్ధాప్య పింఛను 1,200 చేశారు, వికలాంగులది 1,500. సరిగ్గా పాతిక శాతం, ఒక్క రూపాయి ఎక్కువ లేదు. చట్టాన్ని అంత శ్రద్ధగా పాటించినవాళ్ళని నేనెక్కడా చూడలేదు.

కాబట్టి 6,000 వదులుకుని 1,500కి ఎవరూ రారు, అది సహజం. కొంతమంది ఇంకో అడుగు ముందుకేసి రెండుచోట్లా తీసుకోవచ్చేమో అని అడుగుతారు. వద్దు. రెండిటికీ ఒకే ఆధార్, ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది, అప్పుడు రెండూ పోతాయి, తీసుకున్నది కట్టమంటారు కూడా. కుటుంబం మొత్తం ఇక్కడికి వచ్చేసి, ఊళ్ళో ఇల్లు తాళం వేసి, పిల్లలు ఇక్కడ చదువుతుంటే మీరు తమిళనాడు మనుషులే, ఇక్కడ అప్లై చేసుకోవడమే పద్ధతి. నిజంగా రెండుచోట్లా ఉండేవాళ్ళ సంగతే ఇక్కడ నేను చెప్తున్నది.

ఆంధ్రాలో పింఛను ఒకటో తారీఖున ఇంటికి తెచ్చి ఇస్తారు. ఒకటి ఆదివారమో సెలవో అయితే ముందురోజే ఇచ్చేస్తున్నారు, ఇది తెలియక ఒకటిన దిగి తలుపులు వేసి ఉన్న గ్రామ సచివాలయం చూసి వచ్చినవాళ్ళు ఉన్నారు. ఇదివరకు ఆ నెల తీసుకోకపోతే ఆ నెల డబ్బు పోయినట్టే. 2024 చివర్లో అది మార్చారు, మనలాంటివాళ్ళకి ఇది చాలా పెద్ద మార్పు: వరసగా రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెల మొత్తం కలిపి ఇస్తారు. మూడో నెల కూడా రాకపోతే మాత్రం శాశ్వతంగా వలస వెళ్ళిపోయారని రాసి ఆపేస్తారు. దీన్ని పట్టుకుని మూడు నెలలకోసారి వెళ్తే చాలని లెక్కలు వేసుకునేవాళ్ళకి నేను చెప్పేది, మూడో నెల దాకా లాగకండి. ఆ ఒకటో తారీఖునే జ్వరం వస్తుంది, ఆ రోజే సర్వర్ పడుకుంటుంది. నెల విడిచి నెల వెళ్ళండి, టెన్షన్ ఉండదు.

ఇంకోటి, ఇదివరకు సచివాలయం దగ్గరో, బస్టాండు దగ్గరో తెలిసినవాళ్ళు ఉంటే అక్కడే వేలిముద్ర వేయించుకుని ఇచ్చేసేవాళ్ళు. ఇప్పుడు యాప్ లొకేషన్ చూస్తుంది, ఇంటి దగ్గర కాకుండా వేరేచోట ఇస్తే ఎందుకిచ్చారో ఆ ఉద్యోగి కారణం రాయాలి. కాబట్టి స్టేషన్లోనే ఇచ్చి పంపించెయ్యమని వాళ్ళని ఇబ్బంది పెట్టకండి.

వేలిముద్ర అంటే గుర్తొచ్చింది. మా వాడి కుడిచెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగించే ఉంటుంది. వేలు చాపమంటే ఇంకా బిగుసుకుంటుంది, పక్కన ఎవరైనా కంగారు పెడితే ఇక అంతే సంగతులు. అమ్మ ఏం చేస్తుందంటే, ముందు వాడి మణికట్టుని మెల్లగా కిందికి వంచుతుంది. అలా వంచితే వేళ్ళు వాటంతటవే కాస్త వదులవుతాయి, ఫిజియో నేర్పిన కిటుకు. అప్పుడు బొటనవేలు పట్టుకుని, చీర కొంగుతో తుడిచి, మిషన్ మీద ఆనిస్తుంది. ఒక్కోసారి పడుతుంది, ఒక్కోసారి ఎర్రలైటు. వేలిముద్ర పడకపోతే కనుపాప చూడమని అడగొచ్చు, అదీ కుదరకపోతే ముఖం చూసి గుర్తించే పద్ధతి ఉంది. ముఖం దగ్గర కళ్ళు ఆర్పమంటుంది యాప్. మా వాడు ఆర్పమన్నప్పుడు గుడ్లప్పగించి చూస్తాడు, ఫోన్ పక్కకి తియ్యగానే టపటపా ఆర్పుతాడు. సచివాలయం అబ్బాయి మంచివాడు, నవ్వుకుంటూ మళ్ళీ మొదలుపెడతాడు. అందరికీ అలాంటి అబ్బాయి దొరకడు కదా. వేలిముద్ర పడలేదు కాబట్టి పింఛను లేదని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి, వేరే దారి చూపించమని గట్టిగా అడగండి.

ఇప్పుడు నోటీసులు. 2025 జనవరిలో మొదట 15,000 తీసుకునేవాళ్ళ ఇళ్ళకి డాక్టర్ల బృందాలు వెళ్ళాయి. తర్వాత 6,000 వాళ్ళని ఆసుపత్రులకి పిలిచి మళ్ళీ పరీక్షలు చేశారు. ఆగస్టు వచ్చేసరికి లక్షమందికి పైగా మీ వైకల్యం 40 శాతం కన్నా తక్కువని తేలింది, మీరు అర్హులు కారు అని కాగితం ఇచ్చారు. కొంతమందిని 15,000 నుంచి 6,000కి దించారు, 60 ఏళ్ళు దాటినవాళ్ళని కొందరిని వృద్ధాప్య పింఛను 4,000లోకి మార్చారు. ఊళ్ళల్లో పెద్ద గొడవ అయింది, కలెక్టరేట్ల ముందు కూర్చున్నారు, అప్పీలు చేసుకోండి మళ్ళీ చూస్తాం అని ప్రభుత్వం అంది.

దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయా అంటే ఉన్నాయి, దాచేదేముంది. చెవుడని కాగితం తెచ్చుకుని అరుగు మీద కూర్చుని ఫోన్లో అరగంట కబుర్లు చెప్పేవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళ పేర్లు తీసెయ్యాల్సిందే. కానీ 42 శాతం ఉన్న పోలియో మనిషికి 38 వేస్తే అతని కాలు ఏమైనా నాలుగు శాతం బాగుపడిందా? లెక్కవేసే పద్ధతి కూడా మారింది మరి, 2024 మార్చిలో కేంద్రం వైకల్యం కొలిచే మార్గదర్శకాలు కొత్తవి ఇచ్చింది. పాత కొలతతో వచ్చిన శాతం కొత్త కొలతలో తూచా తప్పకుండా అంతే రావాలని లేదు. పైగా 40 దగ్గర గీత గీస్తే ఆ గీతకి అటూ ఇటూ ఉన్నవాళ్ళ బతుకుల్లో తేడా ఉండదు, డబ్బులో మాత్రం 6,000కీ సున్నాకీ తేడా.

మా తమ్ముణ్ణి పిలిచినప్పుడు నేను పక్కనే ఉన్నాను. డాక్టరు గోనియోమీటర్ అనే పరికరం, రెండు పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీలు మధ్యలో మరతో కలిపి ఉంటాయి, దాన్ని మోకాలి పక్కన ఆనించి కాలు ఎంత చాచగలడో ఎంత మడవగలడో కోణం చూసి రాసుకున్నాడు. తర్వాత మడమ, తర్వాత మోచెయ్యి. సెరిబ్రల్ పాల్సీలో బిగుతు పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది, బెదిరితే ఇంకోలా. గంటలకొద్దీ వరండాలో కూర్చోబెట్టి ఆ తర్వాత కొలిస్తే ఏది వస్తే అది. ఆ వరండాలో ఒకే ఒక్క ఫ్యాను, వీల్‌చైర్ పట్టే బాత్రూమ్ లేదు. వికలాంగుల్ని పరీక్షించే చోట వికలాంగులు వాడే బాత్రూమ్ లేకపోవడం గురించి ఏమనాలో నాకు తెలియదు. కానీ ఆ డాక్టరు తొందరపడలేదు, ఆ మాట చెప్పాలి. పాత ఫైలు అడిగాడు, మొత్తం తిరగేశాడు.

అందుకే ఫైలు ముఖ్యం. పుట్టినప్పటి ఆసుపత్రి కాగితాలు, ఎమ్మారై, ఆపరేషన్ అయితే డిశ్చార్జ్ సమ్మరీ, ఇక్కడ చెన్నైలో చూపిస్తున్న డాక్టరు ప్రిస్క్రిప్షన్లు, థెరపీ రసీదులు, పాత సదరం సర్టిఫికెట్ (ఆంధ్రాలో వైకల్య శాతం రాసిచ్చేది), అన్నీ తేదీల వరసలో పెట్టి రెండు జిరాక్స్ సెట్లు తీసుకెళ్ళండి. ఒరిజినల్ చేతికిచ్చి వదిలెయ్యొద్దు. పాత సర్టిఫికెట్లో నెల్లూరు జిల్లా అని ఉండి ఇప్పుడు తిరుపతి జిల్లా అయిందే అని కంగారు పడకండి, 2022లో జిల్లాలు మారినవాళ్ళందరికీ అంతే. చెవుడు ఉన్నవాళ్ళకి బెరా పరీక్ష రిపోర్టు ఉంటే బలం, ఎందుకంటే అందులో మనిషి చెప్పేదానితో పని లేదు, నరం స్పందన మిషనే రాస్తుంది. మానసిక ఎదుగుదల లోపం అయితే క్లినికల్ సైకాలజిస్ట్ ఇచ్చిన ఐక్యూ రిపోర్టు. మానసిక వ్యాధి అయితే ఐడియాస్ అనే స్కేలు మీద కొలుస్తారు, అందులో తన పని తాను చేసుకోగలడా, పదిమందితో మెలగగలడా, ఉద్యోగం చెయ్యగలడా అనేవన్నీ ఉంటాయి. ఆ రోజు మనిషి నెమ్మదిగా ఉన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు, కాబట్టి రోజూ చూసుకునేవాళ్ళే వెంట వెళ్ళి చెప్పాలి.

రోజూ వేసే మందు రెండ్రోజులు ఆపి తీసుకెళ్తే బిగుతు ఎక్కువ కనిపిస్తుందని మా పక్కింటావిడకి ఒక బ్రోకరు సలహా ఇచ్చాడట. ఛస్తే అలా చెయ్యొద్దు. బాక్లోఫెన్ లాంటి మందులు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి వస్తుంది.

అర్హులు కారని కాగితం వస్తే, పల్లెలో అయితే ఎంపీడీఓకి, పట్టణంలో అయితే మునిసిపల్ కమిషనర్‌కి అప్పీలు పెట్టుకోవాలి. నోటితో చెప్పి వచ్చేస్తే లాభం లేదు, అర్జీ ఇచ్చి ముద్ర వేసిన రసీదు తీసుకోండి. శాతం ఎందుకు తగ్గిందో కారణం రాతపూర్వకంగా అడగండి. సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళ నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కు చట్టంలో 59వ సెక్షన్ కింద ఉంది, ఆ నంబరు అర్జీలో రాస్తే అవతలివాళ్ళు కూర్చునే తీరు కాస్త మారుతుంది, ఇది నా అనుభవం. ఇంకో సంగతి, ఈ నోటీసులన్నీ ఊళ్ళో ఇంటికి వస్తాయి. తలుపుకి తాళం ఉంటే పక్కింటివాళ్ళకి చెప్పి వెళ్ళిపోతారు, వాళ్ళు మర్చిపోతే మీ పరీక్ష తేదీ పోతుంది. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ నంబరు మీ దగ్గర, మీ చెన్నై నంబరు ఆయన దగ్గర ఉండాలి. పండక్కి వెళ్ళినప్పుడు ఒకసారి కనిపించి పలకరించి రండి, తప్పేం లేదు.

నోటీసు రాకుండానే పింఛను ఆగేవాళ్ళు ఇంకో రకం. వాళ్ళ సమస్య శాతంతో కాదు, రైస్ కార్డుతో, అంటే అక్కడి రేషన్ కార్డుతో. కార్డులో ఉన్న కుటుంబం మొత్తాన్ని ఒక యూనిట్‌గా చూస్తారు: పల్లెలో నెలకి 10,000, పట్నంలో 12,000 ఆదాయం దాటకూడదు, కరెంటు నెలకి 300 యూనిట్లు దాటకూడదు, సొంత కారు ఉండకూడదు (ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఫర్వాలేదు), గవర్నమెంటు ఉద్యోగి ఉండకూడదు, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్ళు ఉండకూడదు. ఈ చివరిదే చెన్నై తెలుగువాళ్ళ కొంప ముంచేది. అన్నయ్య ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్, పెళ్ళై పదేళ్ళు, వేరు కాపురం, కానీ పేరు ఇంకా అమ్మ కార్డులోనే. ఆయన ఇక్కడ ట్యాక్స్ కడతాడు, అక్కడ తమ్ముడి పింఛను ఆగిపోతుంది. నిజంగా విడిగా ఉంటున్నవాళ్ళు కార్డులోంచి విడిపోవడం తప్పేమీ కాదు, పెళ్ళైనవాళ్ళకి కార్డు విభజన సచివాలయంలోనే చేస్తారు, 2025 మే నుంచి ఆ సేవలు మళ్ళీ తెరిచారు. ఒకే ఇంట్లో ఒకే పొయ్యి మీద తింటూ కాగితం మీద మాత్రం విడిపోతామంటే అది వేరే కథ, దానికి నన్ను సలహా అడగొద్దు.

ట్యాక్స్ కట్టే అన్నయ్యలకి ఒక మాట. వికలాంగుడైన తోబుట్టువు నిజంగా మీ మీదే ఆధారపడి ఉంటే ఆదాయపు పన్ను 80డీడీ సెక్షన్ కింద ఆదాయంలో 75,000 తగ్గించి చూపించుకోవచ్చు, 80 శాతం పైన వైకల్యమైతే 1,25,000. ఎంత ఖర్చయిందో బిల్లులు లెక్కకట్టక్కర్లేదు, అంత మొత్తం ఇచ్చేస్తారు. కాకపోతే ఇది పాత పన్ను పద్ధతిలోనే. కొత్త పద్ధతిలో లేదు, 2023-24 నుంచి మీరేమీ చెప్పకపోతే కొత్త పద్ధతిలోకే నెట్టేస్తున్నారు. 2026 ఏప్రిల్ ఒకటి నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు వేరు కాబట్టి ఆడిటర్ దగ్గర పేరు చెప్పి అడగండి, నంబరు పట్టుకుని కూర్చోకండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ళకి ప్రత్యేక ఫారం (పాత చట్టంలో 10-ఐఏ) మీద డాక్టరు సంతకం కూడా కావాలి.

ఆధార్ అడ్రసు. గ్యాస్ కనెక్షన్‌కనో, స్కూలు అడ్మిషన్‌కనో అందరివీ ఒకేసారి చెన్నై అడ్రసుకి మార్చేస్తుంటారు. పింఛను తీసుకునే మనిషిది మాత్రం ఆలోచించి మార్చండి, ఎందుకంటే అక్కడి ఇంటి లెక్క, రైస్ కార్డు, పింఛను ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. రేషన్ బియ్యం కోసమైతే అసలు మార్చక్కర్లేదు. ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డు అయితే వన్ నేషన్ వన్ రేషన్ కార్డు పద్ధతిలో ఇక్కడి షాపులోనే వేలిముద్ర వేసి కేంద్రం కోటా తీసుకోవచ్చు.

యూడీఐడీ కార్డు, అంటే కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు, ఇంకా లేనివాళ్ళు తీసేసుకోండి. 2021 జూన్ ఒకటి నుంచి వైకల్య సర్టిఫికెట్ ఆ పోర్టల్ ద్వారానే ఇవ్వాలని కేంద్రం చెప్పింది, కేంద్రం పథకాలు వేటికైనా ఇప్పుడు అదే అడుగుతున్నారు. 2024 అక్టోబరులో రూల్స్ మార్చారు. ఇదివరకు నెలలో ఇవ్వాలని ఉండేది, ఇప్పుడు మూడు నెలలు చేశారు. మార్పు అంటే మనకి మేలు జరగాలని ఎక్కడా లేదుగా. కార్డుకి రంగులు పెట్టారు: 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. అప్లికేషన్ పెట్టి మీరు పట్టించుకోకుండా రెండేళ్ళు ఊరుకుంటే అది మూలపడుతుంది, మళ్ళీ మొదటినుంచి. అడ్రసు ప్రూఫ్ ఉన్న జిల్లాలోనే కాకుండా వైద్యం చేయించుకుంటున్న ప్రభుత్వాసుపత్రిలో కూడా పరీక్ష చేయించుకునే వీలు రూల్స్‌లో ఉంది. అయితే ఆంధ్రా పింఛను లెక్కలు సదరం నంబరు మీద నడుస్తాయి కాబట్టి, పింఛను అక్కడున్నవాళ్ళు పరీక్ష కూడా అక్కడే చేయించుకోవడం నయం.

పింఛను ఎక్కడున్నా చెన్నైలో వాడుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ముట్టుకాడులో, ఈసీఆర్ మీద, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ నీప్‌మెడ్ ఉంది, థెరపీ, పరీక్షలు, పరికరాలు అన్నీ ఒకచోటే, ఏ రాష్ట్రమని అడ్డం పెట్టరు. అంబత్తూరు నుంచి వెళ్ళి రావడానికి రోజంతా పడుతుంది, అది వేరే బాధ. వీల్‌చైర్, ట్రైసైకిల్, చెవి మిషన్ లాంటివి కేంద్రం అడిప్ పథకంలో నెల ఆదాయం 22,500 లోపు ఉంటే ఉచితం, 30,000 దాకా సగం ధర. రైల్లో, తోడు లేకుండా ప్రయాణం చెయ్యలేనివాళ్ళకి స్లీపర్లో, థర్డ్ ఏసీలో 75 శాతం రాయితీ, తోడు వచ్చేవాళ్ళకి కూడా అంతే. దానికి రైల్వే వాళ్ళ ఫోటో కార్డు తీసుకుంటే టికెట్ ఆన్‌లైన్లో బుక్ చేసుకోవచ్చు. సిటీ ఆర్డినరీ బస్సుల్లో వికలాంగులకీ, వెంట ఒకరికీ టికెట్ లేదు, 2021 నుంచి. నిరామయ ఇన్సూరెన్స్ గురించి మాత్రం మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక ఎదుగుదల లోపం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకి ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చులు కూడా అందులో వస్తాయి. వయసు చూడరు, ముందస్తు వైద్య పరీక్షలు అడగరు. ముందు మన డబ్బు పెట్టి తర్వాత బిల్లులు పంపాలి, మార్చి 31తో గడువు అయిపోతుంది, రెన్యువల్ మర్చిపోతే పోయినట్టే.

బ్యాంకు గోల కూడా చెప్పాలి. ఇక్కడ ఒక బ్యాంకులో తమ్ముడి పేరున ఖాతాకి వీడియో కేవైసీ (వీడియోలో మనిషిని చూసి గుర్తించే తనిఖీ) చెయ్యబోతే కళ్ళు ఆర్పలేదని రిజెక్ట్ చేశారు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు సరిగ్గా దీని గురించే తీర్పిచ్చింది. యాసిడ్ దాడికి గురైన ప్రజ్ఞా ప్రసూన్, చూపు లేని అమర్ జైన్ వేసిన పిటిషన్లు అవి. డిజిటల్ సేవలు అందరికీ అందడం 21వ ఆర్టికల్ కింద జీవించే హక్కులో భాగమంది కోర్టు, కళ్ళార్పడం ఒక్కటే గుర్తుగా పెట్టుకోకుండా వేరే పద్ధతులు పెట్టమని ఇరవై ఆదేశాలిచ్చింది. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు కూడా కేవైసీ నిబంధనలు సవరించింది. బ్రాంచికి వెళ్ళి మేనేజరుతో ఈ తీర్పు సంగతి చెప్పాక కాగితాల మీద కేవైసీ చేశారు. ముందే చెయ్యొచ్చు కదా అంటే, సిస్టమ్ ఒప్పుకోలేదండీ అన్నారు.

చివరిగా ప్రైవేటు కంపెనీల్లో పీఎఫ్ ఉన్న తండ్రులకి. అంబత్తూరు ఎస్టేట్‌లో, గిండీలో పనిచేసే మనవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ తర్వాత పిల్లల పింఛను మామూలుగా 25 ఏళ్ళు వచ్చేదాకానే, కానీ శాశ్వతంగా, పూర్తిగా వికలాంగులైన కొడుకుకో కూతురికో ఈపీఎస్ (పీఎఫ్‌తో ముడిపడిన పింఛను పథకం) కింద జీవితాంతం ఇస్తారు, ఊరు, రేషన్ కార్డు, రాష్ట్రం వీటితో దానికి సంబంధం లేదు. కాకపోతే ఆ బిడ్డ పేరు మీ పీఎఫ్ నామినేషన్లో కుటుంబం కింద ఉండాలి, చూసుకునేవాళ్ళకి ఆ సంగతి తెలిసి ఉండాలి. 10-డి ఫారం మీద క్లెయిమ్ చేస్తారు. ఈ-నామినేషన్ ఫోన్లోనే అవుతుంది, ఆధార్ నంబరు, ఫోటో దగ్గర పెట్టుకుని ఈ రాత్రే చేసెయ్యండి.